పన్నెండు పళ్ళాల వీపులు

సిద్దిపేట వెళ్ళొచ్చానని తెలిసి మా తెనాలిలో ప్రతి ఆడమనిషీ అడిగిన మాట ఒకటే: గొల్లభామ చీర తెచ్చావా అని. తేలేదు. నేను వెళ్ళింది పన్నెండు పళ్ళాల వీపులు చూడడానికి. రెండు రోజులున్నాను. చూడాల్సినవి చూశాను, చూసిన దాన్ని ఒకసారి తప్పుగా చదివాను. ఆ తప్పు కూడా రాస్తున్నాను.

మాది స్టీలు సామాన్ల కొట్టు. పాత ఇత్తడి, కంచు తూకానికి తెచ్చేవాళ్ళు, ఇంట్లో అడ్డంగా ఉన్నాయని పింగాణీ కప్పులు, గాజు కూజాలు కూడా మా దగ్గరే వదిలేసి పోయేవాళ్ళు. వాటిని తిరగేస్తే అడుగున కిరీటాలు, సింహాలు, లంగర్లు, అంకెలు. నాకెవరూ నేర్పలేదు. ఒక్కో ముద్రనూ నోటుబుక్కులో గీసుకుని, ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను. తొమ్మిది నోటుబుక్కులయ్యాయి. అన్నిటికంటే ముందు నేర్చుకున్నది, ముద్రను నమ్మకూడదని. ముద్ర ఎవరైనా కొట్టగలరు. అన్నం కలిపిన వేళ్ళ అరుగుదల, కత్తి గీతలు, బట్టీలో నిలబెట్టిన చోట మిగిలే మూడు చిన్న మచ్చలు, వీటిని కల్పించడం కష్టం.

ఈ సంగతి తెలిసిన ఒక బంధువు నా నంబరు సిద్దిపేటలో రమేశ్ అనే అతనికి ఇచ్చాడు. అతను ఫోనులో చెప్పింది ఇది: "మేడం, మా బాపు బొంబాయిల కొన్న పింగాణి తలెలు పన్నెండున్నయి. అండ్ల అయిదు మార్చిన్రు. ఎవరు మార్చిన్రో నాకు ఎరికే. మీరు వచ్చి జెర చూసి చెప్పాలె."

తలె అంటే పళ్ళెం. ఎవరు మార్చారో ముందే తెలిసినవాడికి నాతో పనేమిటి? ఆ అనుమానంతోనే బయల్దేరాను. చూసినందుకు డబ్బు తీసుకోనని ముందే చెప్పాను. తీసుకుంటే ఇచ్చినవాళ్ళ వైపు మాట వంగుతుంది.

కుకునూరుపల్లిలో నవాబు కప్పు

హైదరాబాదు దాటి సిద్దిపేట వెళ్ళే దారిలో కుకునూరుపల్లి దగ్గర టీకి దిగాం. టీ పది రూపాయలు, మా ఊరికంటే రెండు తక్కువ, తీపి మాత్రం రెండింతలు. హోటలు గల్లాపెట్టె వెనక గాజు బీరువాలో ఒక్క కప్పు, దాని కింద పూసల గుడ్డ. బంగారు అంచు, గులాబీలు. ఏమిటని అడిగాను.

"నిజాం నవాబు తాగిన కప్పు మేడం. మా తాతకు ఇనాం ఇచ్చిండు," అన్నాడు హోటలాయన.

చూడొచ్చా అని చేతిలోకి తీసుకుని అలవాటు కొద్దీ తిరగేశాను. నా రెండో చేతిలో టీ గ్లాసుందన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. సగం టీ చీర మీద, మిగిలిన సగం ఆయన గల్లా మీద. కప్పు అడుగున చిన్న చతురస్రం, అందులో అలల గీతలు. మైక్రోవేవ్‌లో పెట్టొచ్చని గుర్తు.

"నిజాం గారి వంటింట్లో మైక్రోవేవ్ ఉండేదాండీ?"

ఆయన గుడ్డతో గల్లా తుడుస్తూ తొణకలేదు. "నవాబు గద మేడం. ఆయిన దగ్గర ఏది లేకుండె?"

నాకు ఇంకో టీ ఇచ్చాడు. దానికి డబ్బు తీసుకోలేదు. కప్పు సంగతి పక్క టేబులు వాళ్ళకు వినపడనివ్వద్దని బతిమాలినట్టు చూశాడు. చెప్పలేదు.

సిద్దిపేట, నేతవాళ్ళ ఇల్లు

బస్టాండులో రమేశ్ వచ్చి తీసుకెళ్ళాడు. నలభై దాటిన మనిషి. తొమ్మిదేళ్ళు గల్ఫ్‌లో ఉండి ఈమధ్యే తిరిగి వచ్చేశాడు. ఇల్లు పాత నేతపేటలో, ముందుగదిలో గుంట మగ్గం, వెనక వాకిలి. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు. రమేశ్ తల్లి రాజవ్వ, డెబ్బై దాటింది, కళ్ళకు పొర, మనిషిని గొంతుతో గుర్తుపడుతుంది. పెద్దకోడలు సుజాత, మగ్గం ఆమెదే. సుజాత భర్త భివండీలో మరమగ్గాల మీద పనిచేస్తాడు.

వెళ్ళగానే భోజనం పెట్టారు. అన్నంలోకి పచ్చిపులుసు. పొయ్యి ఎక్కని చారు అంటే మొదట నమ్మలేదు. చింతపండు, ఉల్లిగడ్డ, నువ్వులపొడి. మా వైపు చారు మరిగితేగాని చారు కాదు. ఇది మరగకుండానే ముక్కులోకి ఎక్కింది. రెండుసార్లు పోయించుకున్నాను. తర్వాత సర్వప్ప. బియ్యప్పిండిని గిన్నె అడుగుకు ఒత్తి, నూనె దిగడానికి వేలితో చిల్లులు పెట్టి కాలుస్తారు. సుజాత చేసిన దాంట్లో అయిదు చిల్లులు, అయిదూ సమదూరంలో. ఇంత కొలత తెలిసిన మనిషి పళ్ళాలు మార్చినా లెక్కగానే మారుస్తుంది, అనుకున్నాను. ఆమె వడ్డించింది తింటూనే.

తిన్నాక ఆమె చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ నెమ్మదిగా చెప్పింది. "మేడం, మీరు ఏమన్న చెప్పున్రి. కని నిజం చెప్పున్రి. మా ఆయిన నాతోని మాట్లాడక పదకొండు రోజులాయె. మేడం వచ్చి చూసినంక మాట్లాడుత అన్నడట."

"ఎవరితో అన్నాడు?"

"వాళ్ళ తమ్మునితోని."

పళ్ళాలుండే అటక తాళం చెవి ఆమె కొంగుకే ఉంటుంది. కిందటేడు కొత్త కుట్టుమిషను కొన్నది. హైదరాబాదు నుంచి వచ్చిన పాత సామాన్ల వ్యాపారి ఒకడు ఈ పళ్ళాలు చూసి అయిదు వేరని చెప్పాడట. ఈ మూడూ కలిపి రమేశ్ లెక్క కట్టాడు. ఆ లెక్కనే అన్నకు ఫోనులో చెప్పాడు.

పళ్ళాలు వాకిట్లో వెలుతురుకు పెట్టించాను. తెల్లటి మీద నీలి బొమ్మ. వంగిన చెట్టు, వంతెన, వంతెన మీద ముగ్గురు మనుషులు, పైన రెండు పిట్టలు. చాలా దేశాల్లో చాలామంది అచ్చేసిన బొమ్మ ఇది. నిజానికి ఇది పింగాణీ కూడా కాదు, మెరుగు పూసిన తెల్లమట్టి. వెలుతురుకు అడ్డం పెడితే వెనక వేళ్ళు కనపడవు. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు, వాళ్ళు అడిగింది అది కాదు.

ఒక్కోటీ తిరగేశాను. ఏడింటి మీద కిరీటం ముద్ర, ఇంగ్లండు పేరు. అయిదింటి మీద పువ్వు ముద్ర, జపాను పేరు. గోటితో గీరితే రెండు ముద్రలూ నున్నగానే ఉన్నాయి, అంటే మెరుగు కింద వేసినవే, తర్వాత అంటించినవి కావు. బొమ్మలో చెట్టుకున్న పళ్ళు లెక్కపెట్టాను. ఏడింటి మీద ముప్పై రెండేసి. అయిదింటి మీద ముప్పై నాలుగేసి. వ్యాపారి అబద్ధం చెప్పలేదు. పన్నెండూ ఒక జత కావు.

ఆ తర్వాత కనిపించింది నా నోటుబుక్కుల్లో ఎక్కడా లేని గుర్తు. పళ్ళెం కింద నిలబడే అంచుకు మెరుగు ఉండదు, పచ్చిమట్టి. అక్కడ ఒక్కోదానికి కందిగింజంత రంగు చుక్క ఇంకిపోయి ఉంది. ఇంగ్లండు ఏడింటికీ ఎర్రచుక్క. జపాను అయిదింటికీ ఆకుపచ్చ చుక్క. ఒక్కటి కూడా తప్పలేదు.

తలెత్తితే ఎదురుగా గోడ అరలో సుజాత నూలుకు వేసే రంగుల డబ్బాలు. ఎరుపు, ఆకుపచ్చ.

కోమటిచెరువు గట్టు

సాయంత్రం రమేశ్ నన్ను కోమటిచెరువు చూపిస్తానని తీసుకెళ్ళాడు. గట్టు మీద దీపాలు, నడిచేవాళ్ళు, పడవలు. మా వైపు కాలవగట్టు మీద నడిస్తే బురద అంటుకుంటుంది, ఇక్కడ నేల అద్దంలా ఉంది. మొక్కజొన్న కంకి కాల్చి నిమ్మకాయ, ఉప్పుకారం రాసి ఇరవై రూపాయలకు ఇచ్చారు. చూడడానికి బాగుంది. కానీ రమేశ్ నాకు చెరువు చూపించడానికి తీసుకురాలేదు.

"గిప్పుడు చెప్పున్రి మేడం. ఇంట్ల ఒదినె ఉన్నదని అడుగలే."

నేను చూసింది చూసినట్టు చెప్పి ఊరుకోవాల్సింది. అయిదు వేరే జతవి అని చెప్పాను. అక్కడితో ఆపలేదు. రంగు చుక్కల సంగతి చెప్పాను. పాతవాటిలో కొత్తవి కలిపేవాళ్ళు, తర్వాత తమకు తెలియడానికి ఇలాంటి గుర్తులు పెట్టుకుంటారని చెప్పాను. నేను అలాంటివి రెండుసార్లు చూశాను, అందుకని చెప్పాను.

"నూలు రంగు ఎవరి దగ్గర ఉంటది మేడం?" అన్నాడు రమేశ్. అతనికి నా జవాబు అక్కర్లేదు. అప్పటికే ఫోను తీసి అన్నకు కలుపుతున్నాడు.

అతని ముఖంలో సంతోషం ఉందేమోనని చూశాను. లేదు. దాంతో నా అనుమానం ఇంకో దారి పట్టింది. ఇతనే మార్చి నాటకం ఆడుతుంటే సంతోషం ఉండాలి కదా? లేదంటే ఇతనికి నిజంగానే బాధగా ఉందా? ఆ రాత్రి వాళ్ళింట్లో మంచం మీద పడుకుని, సుజాత, రమేశ్, వ్యాపారి, ముగ్గురినీ మార్చి మార్చి దొంగల్ని చేశాను. ఎవరిని పెట్టినా ఒకటి కుదరలేదు. దాచాలనుకున్న మనిషి అందరికీ కనపడేట్టు అరలో రంగు డబ్బా ఎందుకు పెట్టుకుంటుంది?

రెండో రోజు పొద్దున

టీ తాగుతుండగా రమేశ్ వాకిట్లో గొంతెత్తాడు. "దొంగ సుక్కలు పెట్టుకున్నవ్ ఒదినె! మేడం ఒక్క చూపుల పట్టింది. మల్ల నాకేం ఎరికలేదంటవ్!"

సుజాత చేతిలో చీపురు అలాగే ఉంది. "ఏం సుక్కలు రమేశా? నేను ఆ తలెల కింద ఎన్నడన్న చూసిన్నా?" పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు గోడ మీదుగా తలలు పెట్టారు. నేను టీ గ్లాసు కింద పెట్టాను.

రాజవ్వ మంచం మీద నుంచి అడిగింది. "ఏం సుక్కలురా? ఏం రంగు?"

"నీకెందుకే అవ్వా, పండుకో."

"ఏం రంగురా అంటున్న!"

నేనే చెప్పాను. ఏడింటికి ఎరుపు, అయిదింటికి ఆకుపచ్చ అని.

రాజవ్వ నవ్వింది, పళ్ళు లేని నవ్వు. "ఎర్రసుక్క నేనే పెట్టిన బిడ్డా. ఆకుపచ్చది మల్లయ్య పటేలుది. గవి మన తలెలు కావు."

ఆమె చెప్పింది ఇది. వెనకటికి ఈ పేటలో పెళ్ళయినా, దినాలైనా పళ్ళాలు ఇంటింటి నుంచి తెచ్చి వడ్డించేవాళ్ళు. టెంటుహౌసులు రాకముందు మాట. స్టీలు, ఇత్తడి అయితే పేరు కొట్టించుకుంటారు. పింగాణీ మీద పేరు కొడితే పగులుతుంది. అందుకని నేతవాళ్ళు నూలు రంగే తీసి అడుగు అంచుకు చుక్క పెట్టి పొయ్యి సెగకు ఆరబెట్టేవాళ్ళు. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. ఎరుపు రాజవ్వ ఇల్లు. ఆకుపచ్చ పక్క ఊరు నారాయణరావుపేటలో ఉండే మల్లయ్యది. రాజవ్వ భర్త, మల్లయ్య ఇద్దరూ భివండీలో ఒకే గదిలో ఉండేవారు. రాజవ్వ భర్త ఈ బొమ్మ పళ్ళాలు కొన్నాడని మల్లయ్య కూడా అదే బొమ్మవి వెతికి ఇంకో దుకాణంలో కొన్నాడు.

నేను రోజూ మా కొట్టులో కూర్చుని స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేదాన్ని. ఎదురుగా ఇంటిపేరు కనపడితే దాన్ని దొంగ గుర్తు అన్నాను.

"మరి మనింటికి ఎట్ల వచ్చినయే?" అన్నాడు రమేశ్.

"నీ బాపు దినాలకు మల్లయ్య తెచ్చిండు కదరా. భివండీ దోస్తులందరికి మీ బాపు కొన్నసొంటి తలెలల్లనే పెట్టాలని నేనే అన్న, మనయి పన్నెండు సాలలే."

మూడేళ్ళ కిందటి మాట అది. సుజాతకు చుక్కల సంగతి తెలియదు, ఆమె కాపురానికి వచ్చేనాటికే టెంటుహౌసు పళ్ళాలు వచ్చేశాయి. రాజవ్వకు ఈ పంచాయితీ అంతా పదకొండు రోజులుగా వినపడుతూనే ఉంది కానీ, కళ్ళు కనపడని ముసలిదానికి పళ్ళెం వీపు చూపించాలని ఎవరికీ తోచలేదు.

అయినా నాకు అనుమానం పోలేదు. ఇంటి పరువు కోసం అత్త కోడలిని కాపాడుతోందేమో. ఆ మాట అనలేదు. "నారాయణరావుపేట వెళ్దాం," అన్నాను.

నారాయణరావుపేట

ఆటోలో రమేశ్, సుజాత, నేను. వదినా మరదులు చెరో అంచున, మధ్యలో నేను, నా ఒళ్ళో అయిదు పళ్ళాల మూట. దారి పొడుగునా వరి, మొక్కజొన్న, ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. వెళ్తున్నట్టు ముందు ఫోను చెయ్యొద్దని నేనే పట్టుబట్టాను. చెబితే మాటలు కుదుర్చుకునే వీలుంటుంది.

మల్లయ్య వాకిట్లో పల్లీకాయ ఒలుస్తున్నాడు. ఎనభైకి దగ్గర. మమ్మల్ని చూసి కోడలికి కేక వేసి ముందు నీళ్ళు ఇప్పించాడు. మా వైపు వచ్చిన పని అడిగాక నీళ్ళు. ఇక్కడ నీళ్ళు తాగేదాకా పని అడగరు. తాగాక నేను మూట విప్పకుండా, మీ పింగాణీ పళ్ళాలు చూడొచ్చా అని మాత్రమే అడిగాను.

కోడలు తెచ్చింది. పన్నెండు. తిరగేశాను. ఏడింటికి ఆకుపచ్చ, జపాను. అయిదింటికి ఎరుపు, కిరీటం. చెట్టుకు పళ్ళు లెక్కపెట్టాను, ఒకదానివి కాదు, ఎర్రచుక్కవి అయిదింటివీ. ముప్పై రెండు.

అప్పుడు మూట విప్పాను.

"మావే గవి," అన్నాడు మల్లయ్య, చూడకుండానే.

"మీకు ముందే తెలుసా?"

"ఎరికే. ఎర్రసుక్క రాజవ్వది గద."

"మూడేళ్ళుగా తెలిసి ఎందుకు చెప్పలేదండీ?"

ఆయన పల్లీకాయ ఒలవడం ఆపలేదు. "నాయి ఆమె ఇంట్ల ఉన్నయి. ఆమెయి నా ఇంట్ల ఉన్నయి. పోయినయి ఏమున్నది బిడ్డా చెప్పెతందుకు? మల్ల ఏదన్న దావతయితే మారుతయి అనుకున్న."

నేను అడగకూడదనుకున్నది సుజాత అడిగింది. "దినాలైనంక తలెలు ఎవరు తెచ్చిచ్చిన్రు మామా?"

మల్లయ్య గడ్డంతో రమేశ్‌ని చూపించాడు. "గీ పిల్లగాడే. గల్ఫ్ ఫ్లైటుకు టైమైతుందని బండి మీదికెళ్ళి దిగకుండనే ఇచ్చి పోయిండు."

రమేశ్ నేల వంక చూశాడు. "పన్నెండు లెక్కపెట్టే ఇచ్చిన," అన్నాడు. "బొమ్మ ఒక్కతీరే ఉండె."

లెక్క సరిపోయింది కాబట్టి అతను అడుగు తిప్పలేదు. లెక్క సరిపోతే నేనూ చాలాసార్లు అడుగు తిప్పను. పళ్ళాలు మార్చుకున్నాం. మల్లయ్య కోడలు సంచీలో రెండు శేర్ల పల్లీకాయ పోసి ఇచ్చింది.

మళ్ళీ సిద్దిపేట

నాకు మధ్యాహ్నం బస్సు. కానీ సుజాత వదలలేదు. "రాసియ్యున్రి అక్కా," అంది. ఉదయం దాకా మేడం, ఆటో దిగేసరికి అక్కనయ్యాను. నోటుబుక్కులో కాగితం చించి రాశాను: ఈ పన్నెండు పళ్ళాలు ఇంగ్లండులో తయారైనవి, ఒకే జత, ముద్ర ఒకటే, బొమ్మలో పళ్ళు ముప్పై రెండు, అడుగున ఎర్రచుక్క ఈ ఇంటి గుర్తు. సంతకం చేసి ఇచ్చాను. నా పని చక్కగా అయిందనుకున్నాను.

సుజాత నిలబడి రెండుసార్లు చదివింది.

"తలెలు అసలుయని రాసిన్రు. నేను దొంగను కానని ఏడ రాసిన్రక్కా?"

కాగితం తిరిగి తీసుకున్నాను. కింద ఇంకో నాలుగు వాక్యాలు రాశాను. ఈ ఇంటి పెద్దకోడలు సుజాత ఒక్క పళ్ళెం కూడా మార్చలేదు, అమ్మలేదు. మూడేళ్ళ కిందట రమేశ్ తిరిగి ఇచ్చేటప్పుడు కలిసిపోయాయి. చుక్కలు దొంగ గుర్తులని అన్నది నేను. అది తప్పు.

ఆమె కాగితాన్ని రమేశ్ చేతికి ఇచ్చింది. "మీ అన్నకు ఫోన్ కలుపు. స్పీకరు పెట్టు. సదువు."

గోడ మీద మళ్ళీ ఆ ఇద్దరు ఆడవాళ్ళు. రాజవ్వ మంచం మీద లేచి కూర్చుంది. ఫోను కలిసింది. అవతల మరమగ్గాలు దడదడమంటున్నాయి. రమేశ్ చదివాడు. ముద్ర, పళ్ళ లెక్క గబగబా చదివేసి, వదిన పేరు దగ్గర ఆగి, మిగతాది నెమ్మదిగా చదివాడు. తన పేరు కూడా మింగకుండా చదివాడు. అయిపోయింది. అవతల నుంచి మాట లేదు, మగ్గాల మోత తప్ప.

"ఇంకోపారి సదువు రమేశా," అంది సుజాత. "మీ అన్నకు ఆ సప్పుడుల ఇనవడ్డట్టు లేదు."

రమేశ్ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. రెండో వాక్యానికి వచ్చేసరికి అవతల మగ్గాల మోత దూరమవుతూ పోయింది. ఒక తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత అతను చదివిన ప్రతి మాటా ఆ వాకిట్లో ఉన్న అందరికీ, భివండీలో ఉన్న ఆ ఒక్కడికీ స్పష్టంగా వినిపించింది.